పాఠం చెప్పడం ఇష్టం, ల్యాబ్ అంటే విసుగు

ప్రశ్న: రసాయనశాస్త్రం ప్రధాన పాఠ్యాంశంగా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మార్కులు బాగానే వస్తాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో మెకానిజంలు (చర్య అంచెలంచెలుగా ఎలా జరుగుతుందో చూపే బాణాల బొమ్మలు) అర్థంకాని తోటివాళ్లకు నేనే విడమరిచి చెబుతుంటాను. విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిని కావాలని కోరిక. కానీ ల్యాబ్ అంటే విసుగు, పరిశోధన మీద ఆసక్తి లేదు. పిహెచ్‌డి చేయకుండా యూనివర్సిటీలో కెమిస్ట్రీ బోధించే దారి ఉందా?

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. విశ్వవిద్యాలయ కెమిస్ట్రీ విభాగంలో స్థిరమైన ఉద్యోగం కావాలంటే దాదాపు అన్నిచోట్లా పిహెచ్‌డి అడుగుతారు. కేవలం బోధన కోసమే ఉన్న పోస్టులూ కొన్ని సంస్థల్లో ఉంటాయి. వాటికీ పిహెచ్‌డి ఉన్నవాళ్లు పోటీకి వస్తారు కాబట్టి ఎమ్మెస్సీతో నెట్టుకురావడం కష్టం. ఎమ్మెస్సీతో ఆగేవారికి పాఠశాలలు, కొన్నిచోట్ల కళాశాలలు ఉన్నాయి. అక్కడ మంచి కెమిస్ట్రీ టీచరు దొరకడం ఎంత అరుదో మీకూ తెలిసే ఉంటుంది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది మరో మాట. పరిశోధన మీద ఆసక్తి లేదన్నారు. మీరు ఇంతవరకు పరిశోధన చేయనేలేదు కదా! డిగ్రీ ల్యాబులో బ్యూరెట్ నింపి, ద్రావణం లేత గులాబీ రంగుకు తిరగగానే ఆపి, వచ్చిన విలువ పుస్తకంలోని విలువకు దగ్గరగా ఉందో లేదో చూసుకుని ఉంటారు. జవాబు ముందే తెలిసిన లెక్క అది. విసుగు రాకపోతేనే ఆశ్చర్యపడాలి. పరిశోధనలో ఆ జవాబు గైడుకు కూడా తెలియదు.

దాని బాధ దానికీ ఉంది. నా పిహెచ్‌డి రెండో ఏడాదిలో ఒక గ్రిన్యార్డ్ చర్య (మెగ్నీషియం ఉన్న కారకంతో కార్బన్ బంధాలు కట్టే పద్ధతి) మూడు వారాలు నన్ను ఏడిపించింది. కాగితం మీద బాణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫ్లాస్కులో మాత్రం మొదట వేసిన పదార్థమే తిరిగి దొరికేది. చివరికి తేలిందేమిటంటే, బాగా ఆరబెట్టాననుకున్న ద్రావణిలో తేమ మిగిలి ఉంది. నీరు తగిలితే గ్రిన్యార్డ్ కారకం నాశనమవుతుందని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో! ఆ తర్వాత తరగతిలో ఆ వాక్యం చెప్పినప్పుడల్లా నా గొంతు మారేది. వెనక బెంచీ వాళ్లు కూడా తలెత్తి వినేవారు.

బోధన పరిశోధనకు అడ్డు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. కానీ రష్యా రసాయనశాస్త్రవేత్త మెండలీవ్ సంగతి చూడండి. సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తన విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాస్తూ, మూలకాలను ఏ వరుసలో చెప్పాలో తెలియక తల పట్టుకున్నాడు. మొదటి భాగం క్లోరిన్ వంటి హాలోజన్లతో ముగిసింది. రెండో భాగం మొదట్లో సోడియం వంటి క్షార లోహాలు. వాటి తర్వాత ఏ అధ్యాయం రావాలి? 1869లో వచ్చిన ఆవర్తన పట్టికకు ఈ పాఠం చెప్పేవాడి చిక్కే పురిగొల్పు.

ఇక మీకు బాగా సరిపోవచ్చని నాకు తోచిన దారి ఒకటుంది. కెమిస్ట్రీని విద్యార్థులు ఎలా నేర్చుకుంటారు, ఎక్కడ తప్పటడుగు వేస్తారు అన్నదే పరిశోధనాంశంగా పిహెచ్‌డి చేయించే విభాగాలు కొన్ని ఉన్నాయి. ఇది కొత్త మోజేమీ కాదు. జర్నల్ ఆఫ్ కెమికల్ ఎడ్యుకేషన్ 1924 నుంచి వెలువడుతోంది. గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ జాన్‌స్టోన్ చెప్పిన మాట ఈ రంగంలో అందరికీ కంఠస్థం. కెమిస్ట్రీ మూడు స్థాయిల్లో నడుస్తుంది: కంటికి కనిపించేది, అణువుల మధ్య జరిగేది, గుర్తులతో కాగితం మీద రాసేది. ఉప్పు కరగడం గురించి చెబుతూ అధ్యాపకుడు ఒకే వాక్యంలో గ్లాసులోంచి అయాన్లలోకి, అయాన్లలోంచి సమీకరణంలోకి దూకుతాడు. విద్యార్థి గ్లాసు దగ్గరే ఉండిపోతాడు. ఈ రంగంలోకి రావాలన్నా ముందు అసలు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ గట్టిగా చేయాలి. అలాంటి విభాగాలు తక్కువ కాబట్టి చోటు కోసం దూరం వెళ్లవలసి రావచ్చు.

మీకు బోధన నిజంగా వచ్చా అనేది ఇంట్లో కూర్చునే పరీక్షించుకోవచ్చు. రసాయన బంధం తెగితే శక్తి విడుదలవుతుందని చాలామంది విద్యార్థులు గట్టిగా నమ్ముతారు. నిజానికి బంధం తెంచడానికి శక్తి ఖర్చవుతుంది. అంతకంటే బలమైన కొత్త బంధాలు ఏర్పడినప్పుడే మిగులు శక్తి బయటికి వస్తుంది. అలా నమ్మే జూనియర్‌ను ఒకరిని పట్టుకుని ఈ సంగతి వివరించండి. వారం తర్వాత ఇంధనం మండటం గురించి అడగండి. మళ్లీ పాత జవాబే చెబితే మీకు చిరాకు వస్తుందా, లేక ఎక్కడ జారాడో తెలుసుకోవాలనిపిస్తుందా? తోటివాళ్లకు పరీక్ష ముందు రోజు చెప్పడం వేరు. అదే పాఠాన్ని ఇరవై ఏళ్లు, ఏటా కొత్త ముఖాలకు చెప్పడం వేరు.

పరీక్షలు అయిపోగానే ఏదైనా పరిశోధన ల్యాబులో రెండు నెలలు పని చేయండి. ప్రొఫెసర్‌కు రాసే ఉత్తరం పది వాక్యాలు దాటకూడదు. ఆయన ఇటీవలి పత్రం ఒకటి చదివి, అందులో మీకు అర్థంకాని ఒక విషయం రాయండి. పొగడ్తల కంటే ఆ ఒక్క ప్రశ్నే పనికొస్తుంది. లోపలికి వెళ్లాక అక్కడ పిహెచ్‌డి చివరి దశలో ఉన్నవారితో కూర్చోండి. గైడు వారానికి ఎన్నిసార్లు మాట్లాడతారు, అణువు నిర్మాణం తేల్చే ఎన్ఎంఆర్ యంత్రం కోసం ఎన్ని రోజులు ఆగాలి, ముందు చేసినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడు ఎక్కడున్నారు అని అడగండి. ఎమ్మెస్సీ తర్వాత పిహెచ్‌డి కోసం ల్యాబును ఎంచుకునేటప్పుడూ ఇవే ప్రశ్నలు.

ఆ రెండు నెలల తర్వాత కూడా ఫ్లాస్కును చూస్తే విసుగే కలిగితే, అణువుల తీరును కంప్యూటర్ మీద లెక్కగట్టే కంప్యూటేషనల్ కెమిస్ట్రీ ఉంది. అక్కడ గాజు సామాను కడిగే పని ఉండదు. గణితం, క్వాంటం మెకానిక్స్ మాత్రం తప్పవు. ఎమ్మెస్సీలో ఆ పేపర్లు కష్టమని వదిలేసి సులువైనవి ఎంచుకోకండి.