కాయిల్ కొనేముందు ఓమ్‌లు అడగండి

ప్రశ్న: మా నాన్నగారు నడిపిన పాత కారు నా దగ్గరుంది. నాలుగు సిలిండర్లు, 12 వోల్టులు, పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి తెంచే స్విచ్) ఇగ్నిషన్. ఇంజన్ వేడెక్కాక ఆగిపోయేది, చల్లారితే మళ్లీ స్టార్టయ్యేది. మెకానిక్ చూసి కాయిల్ (ప్లగ్గుల్లో రవ్వ కోసం వోల్టేజీ పెంచేది) పోయిందన్నాడు. పాతదాని మీద నంబరు చెరిగిపోయింది. చూడ్డానికి అచ్చం అలాగే ఉన్న కొత్తది తెచ్చి బిగించాం. బండి బాగానే లాగుతోంది గానీ కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, పాయింట్లు నల్లబడ్డాయి. ఇది నకిలీదా? అసలు కంపెనీ కాయిల్ కోసమే వెతకాలా?
- ఒక పాఠకుడు

జవాబు: నకిలీ అని తిట్టకండి, పాపం అది మంచి కాయిలే అయ్యుంటుంది. మీ బండికి సరిపడేది కాదు, అంతే. డబ్బా ఒకేలా ఉన్నంత మాత్రాన లోపలి మందు ఒకటే కాదుగా!

పాయింట్ల కార్లకు 12 వోల్టుల కాయిల్స్ ప్రధానంగా రెండు రకాలు. ఒకదాని ప్రైమరీ చుట్టు (బ్యాటరీ కరెంటు పారే చుట్టు) అడ్డు సుమారు 3 ఓమ్‌లు, బ్యాటరీ కరెంటు నేరుగా ఇవ్వొచ్చు. రెండోది సుమారు 1.5 ఓమ్‌లు. దీనికి ముందు బ్యాలస్ట్ రెసిస్టర్ అనే ఇంకో 1.5 ఓమ్‌ల అడ్డు ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 10 వోల్టుల దాకా పడిపోతుంది కదా, ఆ కాస్త సేపూ అడ్డు తప్పించి కాయిల్‌కి నేరుగా కరెంటు ఇస్తే నిప్పురవ్వ బలంగా వస్తుందని ఈ ఏర్పాటు. బ్యాలస్ట్ లేని బండికి ఈ రెండోది పెడితే 4 ఆంపియర్లు పోవలసిన చోట 8 పోతాయి. కాయిల్ కాలుతుంది, పాయింట్లు మాడతాయి. మీరు రాసిన లక్షణాలు అచ్చం ఇవే. దీనికి విరుద్ధంగా జరిగితే, అంటే బ్యాలస్ట్ ఉన్న బండికి 3 ఓమ్‌లది పెడితే, ఏదీ కాలదు గానీ రవ్వ నీరసిస్తుంది.

కాబట్టి ముందు మీ బండిలో బ్యాలస్ట్ ఉందో లేదో తేల్చుకోండి. తెల్లటి పింగాణీ దిమ్మ కనిపించలేదని లేదనుకోవద్దు. కొన్ని కార్లలో వైరింగ్ కట్టలోనే రెసిస్టెన్స్ వైరు దాగి ఉంటుంది. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్ వైపు నుంచి వైరు వచ్చే కాయిల్ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య చూడండి. దాదాపు బ్యాటరీ అంత చూపిస్తే బ్యాలస్ట్ లేనట్టు. 6 నుంచి 8 దగ్గర ఆగితే ఉన్నట్టు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: ఆ సమయంలో పాయింట్లు మూసుకుని ఉండాలి. తెరుచుకుని ఉంటే కరెంటే పారదు, బ్యాలస్ట్ ఉన్నా లేకపోయినా మీటర్ పూర్తి వోల్టులే చూపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు కలిసేదాకా ఇంజన్‌ని చేత్తో తిప్పి, అప్పుడు కొలవండి. పని కాగానే తాళం తిప్పి ఆపేయండి. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి పాటలు వినే అలవాటు కూడా ఇలాంటి కార్లలో కాయిల్‌ని కాలుస్తుంది.

తర్వాత కొత్త కాయిల్ సన్న వైర్లు రెండూ తీసి ఆ టెర్మినల్స్ మధ్య ఓమ్‌లు కొలవండి. మీటర్ సూదులు రెండూ ఒకదానికొకటి తాకిస్తే వచ్చే అంకెను అందులోంచి తీసేయాలి. ఇంత చిన్న కొలతలో అదీ లెక్కే. మధ్య బుడిపెకీ ఒక టెర్మినల్‌కీ మధ్య కొన్ని వేల ఓమ్‌లు రావాలి. పాత కాయిల్ పారేయకపోతే దాన్నీ కొలవండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించి వేడెక్కాక లోపల తెగిపోయేవి ఉంటాయి గనక, అది పోయిందా లేదా అన్నది చల్లటి కొలతతో తేలదు. కానీ బండితో వచ్చినది అదే అయితే, ఏ రకం కాయిల్ కావాలో అదే చెబుతుంది.

ఇక వెతకడం సంగతి. అసలు కంపెనీ పేరు కోసం అంత ఆరాటం అక్కర్లేదు. ఫలానా మోడల్‌కి కావాలని అడిగితే, లేదంటారు, లేదా దగ్గరగా ఉన్నదేదో చేతిలో పెడతారు. మీ బండిలో బ్యాలస్ట్ లేదని తేలితే “12 వోల్టులు, పాయింట్లకి, ప్రైమరీ 3 ఓమ్‌లు, బయట రెసిస్టర్ అవసరం లేనిది” అని అడగండి. వీలైతే మీటర్ పట్టుకెళ్లి అక్కడే కొలిచి తీసుకోండి. డబ్బా లావు మీ క్లాంపులో పడుతుందా, మధ్య వైరు గుచ్చుకునేదా మరతో బిగిసేదా అన్నవీ చూసుకోండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కార్ల కాయిల్స్ 1 ఓమ్ కంటే తక్కువ కూడా ఉంటాయి, బలమైనదని ఆశపడి అవి తేవద్దు.

బిగించేటప్పుడు 15 అని ఉన్నది స్విచ్ వైపు, 1 అని ఉన్నది డిస్ట్రిబ్యూటర్ వైపు. మీ బండి పాత పాజిటివ్ ఎర్త్ రకమైతే (బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపినదైతే) ఈ రెండూ తారుమారు చేయాలి. తిరగేసినా ఇంజన్ నడుస్తుంది, కానీ ప్లగ్గు దగ్గర రవ్వకి ఎక్కువ వోల్టేజీ కావాలి. మాడిన పాయింట్లతో పాటు కండెన్సర్ (పాయింట్ల మధ్య రవ్వలు రాకుండా చూసేది) కూడా మార్చేయండి. నన్నడిగితే, కాయిల్ పోయిందని పారేసిన వాటిలో కొన్ని నిజానికి కండెన్సర్ చేసిన పాపమే.

ప్రశ్న: నాది కాస్త కొత్త కారు, ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్. స్కానర్‌లో పీ0302 కోడ్ (రెండో సిలిండర్ సరిగా మండడం లేదని) వచ్చింది. రెండో కాయిల్ మార్చాలా?
- మరో పాఠకుడు

జవాబు: కొనకముందే రెండో సిలిండర్ కాయిల్‌ని మూడోదానితో మార్చి బిగించి, కోడ్ చెరిపేసి, బండి నడపండి. కోడ్ పీ0303కి మారితే తప్పు కాయిల్‌దే. పీ0302 దగ్గరే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టర్, వైరింగ్ చూడాలి. కాయిల్ పీకినప్పుడు ప్లగ్గు గొయ్యిలో ఆయిల్ చేరి ఉంటే ముందు ఆ సీలు మార్చండి, లేకపోతే కొత్త కాయిల్ రబ్బరు కూడా నానిపోతుంది.