మనసును సమాధి చేయవచ్చునా?

సందేహం: మా ఊరు వైనతేయ గోదావరి గట్టున. కొన్ని వారాలుగా ఆదివారం పూట ఊళ్ళో బౌద్ధ ధ్యానం నేర్పుతున్నారు. వాళ్ళు పంచిన కరపత్రం మీద ‘మనసును సమాధి చేసి కర్మను అర్థం చేసుకొనుట’ అని ఉంది. మా అత్తయ్యగారు అది చదివి, “మనసుని సమాధి చెయ్యడవేంటే? బతికుండగానేనా?” అన్నారు. సరే, వెళ్ళొస్తానంటే “అంతా నా ఖర్మ” అన్నారు. అక్కడ నేర్పే ఆయనేమో కర్మ అంటే చేతన అంటున్నారు. ‘సమాధి చేయడం’ అనవచ్చా? కర్మ, ఖర్మ – ఏది ఒప్పు? కర్మకీ చేతనకీ ఏమిటి సంబంధం? విపస్సన, విపశ్యన, విపాసన – వీటిలో ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: మీ అత్తగారి అభ్యంతరం న్యాయమైనదేనమ్మా. తెలుగులో ‘సమాధిలో ఉండటం’ వేరు, ‘సమాధి చేయడం’ వేరు. మొదటిదాంట్లో మనిషికి ఊపిరి ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. సన్యాసి పోతే దహనం చేయరు, పూడుస్తారు. ఆయన పోయాడనకుండా సమాధి పొందాడనడం మర్యాద. ఆ మర్యాద మాటే పూడ్చిన చోటుకు పేరైంది. అక్కణ్ణించి ఎవరి గోరీకైనా అదే పేరు. కరపత్రం రాసినవారు, బౌద్ధుల పాత గ్రంథాలున్న పాలి భాషలోని మాటను యథాతథంగా తెచ్చుకున్నారు, ఫరవాలేదు. దానికి ‘చేయు’ తగిలించడంతో వచ్చింది చిక్కు. నామవాచకాన్ని అరువు తెచ్చుకోవచ్చు గాని, దాని పక్కన ఏ క్రియ అతుకుతుందో మన చెవే చెప్పాలి.

అసలు మాటలో చావు లేదు. సం, ఆ అనే ఉపసర్గలు, ధా అనే ధాతువు. చెదిరినదాన్ని ఒక దగ్గరకు చేర్చి సరిగా ఉంచడమని అర్థం. ఈ శీర్షిక పేరులో ఉన్న ‘సమాధానం’ కూడా అవే ముక్కలతో అయిన మాట. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు విసుద్ధిమగ్గమనే తన గ్రంథంలో ఏ అర్థంలో అది సమాధి అని తానే ప్రశ్న వేసుకుని ‘సమాధానట్ఠేన సమాధి’, అంటే సమాధానమనే అర్థంలో సమాధి అన్నాడు. చిత్తాన్ని ఒకే ఆలంబనం, అంటే ఒకే విషయం మీద సమంగా, సరిగా నిలిపి ఉంచడం కనుక సమాధి. మనకు సమాధానం అంటే జవాబుగా స్థిరపడిపోయింది. అయితే పాత అర్థం పూర్తిగా పోలేదు. మీ కోనసీమలోనే ఏ చర్చికి వెళ్ళినా వినిపిస్తుంది. తెలుగు బైబిల్లో ‘మీకు సమాధానము కలుగును గాక’ అన్నచోట ఎవరికీ జవాబు రావాలని కాదు, నెమ్మది కలగాలని. బుద్ధఘోషుడు చూసిన అర్థానికి దగ్గరగా ఆ మాటను వాడుతున్నవాళ్ళు మన ఊళ్ళలో ఈనాడు క్రైస్తవులే. భాష ఇలాంటి తమాషాలు చాలా చేస్తుంది.

మరి కరపత్రంలో ఏం రాయాలి? నన్నడిగితే ‘మనసును కుదుటపరచుకొనుట’ అంటాను. కుదుట అన్నది ఎక్కడిదో తెలుసా? కుదురు నుంచి వచ్చింది. నోరు నోటి, ఏరు ఏటి అయినట్టే కుదురు కుదుట అయింది. కుదురంటే స్థిరత్వమని ఇప్పుడు రాస్తున్నాం గాని, మట్టికుండ ఉన్న ఇళ్ళలో అది చేత్తో పట్టుకోగలిగే వస్తువు. కుండ అడుగు గుండ్రం, నేల మీద నిలవదు. అందుకని ఎండుగడ్డినో కొబ్బరిపీచునో చుట్టగా పేని కుండకింద పెడతారు. అదే కుదురు. కుదురు మీద ఉన్న కుండ కుదుట పడుతుంది, లేనిది దొర్లుతుంది. ‘కుదురుగా కూర్చోరా’ అని రోజుకు పదిసార్లు అనని తల్లి మన దగ్గర ఉందా? ధ్యానం నేర్పేవారు మొదటిరోజు చెప్పేదీ అంతకంటే వేరే ఏమీ కాదు.

కుండ మాట వచ్చింది కనుక కుండలో నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. నా చిన్నప్పుడు గోదారికి ఎర్రనీరు తగిలిందంటే మా ఇంట్లో మామ్మకి పని పడేది. కాలవ నీళ్ళు బిందెలతో తెచ్చి కుండలో పోసేది. చిల్లగింజ – ఇండుపగింజ అని కూడా అంటారు – తడిపి కుండ లోపలి గోడకి గంధం తీసినట్టు అరగదీసేది. నీళ్ళు ఒకసారి చేత్తో గిర్రున తిప్పి మూతపెట్టి, “కదపకండర్రా” అని హెచ్చరించేది. తెల్లారి చూస్తే బురదంతా అడుగున చిక్కగా దిగి ఉండేది, పైన నీళ్ళు తేరి ఉండేవి. తొందరపడి రాత్రే గ్లాసు ముంచిన రోజున మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ గ్లాసు ఎవరు ముంచారన్నది ఇప్పుడు అప్రస్తుతం.

ఈ నీళ్ళు ఎందుకంటే, బుద్ధుడూ ఇదే పోలిక చెప్పాడు. సంగారవుడనే బ్రాహ్మణుడు వచ్చి, ఎంతోకాలం వల్లించిన మంత్రాలు కూడా ఒక్కొక్కప్పుడు నోటికి రావేమని అడిగాడు. బుద్ధుడి ఉపదేశాల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయలో ఉంది ఈ సంభాషణ. జవాబుగా బుద్ధుడు నీళ్ళపాత్రను ముందు పెట్టాడు. అందులో ముఖం చూసుకోవాలి. లక్క, పసుపు, నీలిరంగు కలిసిన నీళ్ళలో కనపడదు – అది కామం. సలసల కాగుతున్న నీళ్ళలో కనపడదు – అది ద్వేషం. నాచు కప్పిన నీళ్ళు మందకొడితనం, గాలికి అలలు లేచే నీళ్ళు కంగారూ పశ్చాత్తాపమూ, బురద కలిసి చీకట్లో పెట్టిన నీళ్ళు సంశయం. గుర్రపుడెక్క కప్పేసిన కాలవ పక్కన బతికేవాళ్ళకు మూడోది నేను వివరించనక్కరలేదు.

ఇక్కడ మన భాష చేసిన పని చూడండి. నీరు తేరడం, తేట కావడం ఒకటి. జ్వరం నుంచి, దుఃఖం నుంచి మనిషి తేరుకోవడం మరొకటి. రెండింటికీ మాట ఒక్కటే. ఇంకొక అడుగు వెనక్కి వెళ్తే తెలి అంటే తెల్లన, స్వచ్ఛం. తెలియు అంటే ఎరుకపడు. తెలివి కూడా ఆ కుటుంబంలోదే. అంటే తెలుగువాడికి ఏదైనా ‘తెలియడం’ అంటే బయటినుంచి కొత్తగా వచ్చి చేరడం కాదు, మడ్డి కిందికి దిగి అది కనపడటం. బౌద్ధంలో శమథం, విపశ్యన అని రెండు చెబుతారు కదా, మొదటిది మనసును నిలపడం, రెండోది ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం. వీటికి కుదురు, తెలివి అని రెండు మాటలు మన వంటింట్లోనే ఉండగా మనసును సమాధి దాకా తీసుకుపోవడం దేనికి?

సంస్కృతంలో ప్రసాదం కూడా ఇలాంటిదే. అమరకోశం ‘ప్రసాదస్తు ప్రసన్నతా’ అంటుంది. నీళ్ళయినా మనసైనా నిర్మలం కావడమే ప్రసాదం. అది మన చేతిలో పులిహోరగా మారడం వేరే కథ, ఇంకెప్పుడైనా.

ఇక కర్మ. ఖర్మ తప్పని పంతుళ్ళు ఎర్రసిరాతో కొట్టేవారు. నేనూ కొట్టాను. ఇప్పుడైతే కొట్టను. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఎవరింట్లోనైనా పదకొండో రోజున, పన్నెండో రోజున జరిగేవాటిని ‘కర్మలు’ అంటారు గాని ‘ఖర్మలు’ అనరు. బడిలో కర్త, కర్మ, క్రియ అంటారు. ‘ఖర్మణి ప్రయోగం’ అన్నవాణ్ణి నేను వినలేదు. పంటపోయినప్పుడు, కొడుకు మాట విననప్పుడు, మీరు ధ్యానానికి బయల్దేరినప్పుడు మాత్రం ఖర్మ. అచ్చ తెలుగు మాటల్లో మహాప్రాణం లేదంటారు గాని ఉద్వేగం వస్తే మనవాళ్ళ నోట అది తన్నుకొస్తుంది. ఛీ, థూ చూడండి. నిట్టూర్పు ఊపిరి క మీద పడి ఖ అయింది. కనుక ఖర్మ ఇప్పుడు వేరే మాట. దాని అర్థం పని కాదు, నొసటిరాత. వాడుకలో నిరభ్యంతరంగా వాడుకోండి. బౌద్ధం గురించి రాసేటప్పుడు మాత్రం కర్మ అనే రాయాలి, ఎందుకంటే బుద్ధుడు చెప్పింది నొసటిరాత గురించి కాదు.

ఆయన మాట అలాంటిదే మరో సంకలనం అంగుత్తర నికాయలో ఇలా ఉంది: ‘చేతనాహం భిక్ఖవే కమ్మం వదామి, చేతయిత్వా కమ్మం కరోతి కాయేన వాచాయ మనసా.’ భిక్షువులారా, చేతననే నేను కర్మ అంటున్నాను; సంకల్పించాకనే ఎవరైనా ఒంటితోనో మాటతోనో మనసుతోనో పని చేస్తారు అని. మీకు చేతన దగ్గర తికమక రావడం సహజం. తెలుగులో చేతన అంటే ప్రాణం, స్పృహ, చేతనాచేతనాలు అంటాం. పైగా ‘చేత’ అనే అచ్చతెలుగు మాట పక్కనే ఉంది, చేయు నుంచి వచ్చింది. ‘చేతలు’ అని ఎక్కడ అనుకుంటారో అని భయం. పాలిలో ఆ మాటకు సంకల్పం, ఉద్దేశం అని అర్థం. తెలుగులో తలపెట్టడం అంటే చక్కగా సరిపోతుంది. ‘తలపెట్టిన పని’ అంటాం చూశారా, అది.

అంతకంటే సులువైన మాట ఒకటుంది. రాజోలు బస్సులో కిటకిటలాడే జనంలో ఎవరో మీ కాలు తొక్కుతారు. మీరు తిరిగి చూడగానే, “కావాలని తొక్కలేదండీ” అంటారు. మీ కోపం సగం దిగుతుంది. కాలికి నొప్పి అంతే ఉంది, మారలేదు. మారింది పని లెక్క. ఆ ‘కావాలని’ అన్నదే బుద్ధుడి చేతన. కావాలని చేస్తే కర్మ. ఇంకో విచిత్రం చెప్పనా? పాణిని వ్యాకరణంలో కర్మకు లక్షణం చెబుతూ ‘కర్తురీప్సితతమం కర్మ’ అన్నాడు. కర్త అన్నిటికన్నా ఎక్కువగా పొందగోరేది కర్మ. ఇద్దరి దారులూ వేరు, ఒకరిది వాక్యం, ఒకరిది జీవితం. కర్మను పట్టుకోవడానికి ఇద్దరూ కోరిక దగ్గరే వల వేశారు.

పని వేరు, దాని పండు వేరు. పండటాన్ని పాలిలో విపాకం అంటారు. మనం ‘నా ఖర్మ’ అన్నప్పుడల్లా నిజానికి విపాకాన్ని అంటున్నాం. అదైనా అన్నిటికీ వర్తించదు. మోలియసీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించేదంతా పూర్వం చేసిన దాని ఫలమేనటగా అని అడిగితే, బుద్ధుడు ఒప్పుకోలేదు. పైత్యం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఆ మూడూ కలిసిన సన్నిపాతం వల్ల, రుతువు మారడం వల్ల, ఒళ్ళు సరిగా చూసుకోక, ఎవరో చేసిన దెబ్బ వల్ల, కర్మవిపాకం వల్ల అని ఎనిమిది కారణాలు లెక్కపెట్టాడు. ఎనిమిదింటిలో ఒకటి కర్మ. వానాకాలంలో రొంప పట్టినా, గట్టు తెగి చేను మునిగినా ఒకే మాటతో సరిపెట్టేసే మనకు ఇది కాస్త కొరుకుడుపడదు.

కర్మకూ మనిషికీ ఉన్న సంబంధం గురించి పాలిలో ఒక గమ్మత్తైన మాట ఉంది. రోజూ తలుచుకోమని చెప్పిన వాక్యాల్లో ‘కమ్మస్సకోమ్హి, కమ్మదాయాదో’ అని వస్తుంది. నా కర్మ నా సొత్తు, నేను నా కర్మకు దాయాదిని. అక్కడ దాయాది అంటే వారసుడు. మనకేమో దాయాది అంటే గట్టు తగాదా గుర్తొస్తుంది. అయినా అనువాదంలో ‘వారసుడు’ అని మార్చకుండా దాయాది అనే ఉంచమంటాను. ఎవరి కర్మకు ఎవరు కర్తలు అనే మన సామెత పక్కన అది బాగా ఒదుగుతుంది.

కమ్మ అన్న ప్రాకృత రూపం మనకు పరాయిది కాదు. వర్ణం వన్నె, పర్వం పబ్బం అయినట్టు రేఫ పోయి పక్క హల్లు ద్విత్వమవుతుంది. సంస్కృతంలో కర్మారుడు, పాలిలో కమ్మార, మన ఊళ్ళో కమ్మరి. బుద్ధుడికి చివరి భోజనం పెట్టిన చుందుణ్ణి పాలి గ్రంథం ‘కమ్మారపుత్త’ అనే పిలుస్తుంది. మీకు దగ్గర్లోనే ఆదుర్రు బౌద్ధస్తూపం ఉంది కదా. అక్కడ ఇటుకలు పేర్చిన రోజుల్లో ఈ గట్ల మీద భిక్షువుల నోట వినిపించింది కమ్మ అనే. మన నోట అది మిగిలింది నాగలికర్రుకు సానపెట్టేవాడి పేరులో.

మిగిలినవి త్వరగా. పాలి రూపం కావాలంటే విపస్సన, సంస్కృత రూపం కావాలంటే విపశ్యన. రెండూ ఒప్పే, ఒకే వ్యాసంలో రెండూ కలపకండి. విపాసన తప్పు, అది పిపాసకు చుట్టంలా ఉంది. శమథం సంస్కృతం, సమథ పాలి. సమత అని రాస్తే సమానత్వం అవుతుంది. మనశ్శాంతి, మనఃశాంతి రెండూ సరైనవే, మనశాంతి కాదు.

ఊపిరి మీద చేసే సాధన పేరు ఆనాపానసతి. లోపలికి, బయటికి వెళ్ళే ఊపిరులు – ఆన, అపాన – రెంటికీ సవర్ణదీర్ఘసంధి జరిగింది, ఇందులో పానం ఏమీ లేదు. సతి అంటే స్మృతికి పాలి రూపం, ఎరుకతో ఉండటం. మళ్ళీ కరపత్రం వేసేటప్పుడు ఈ మాటను ముక్కలు చేసి ‘ఆనా పాన సతి’ అని మాత్రం అచ్చు వేయవద్దని చెప్పండి. తాగడమేమిటి, మధ్యలో ఆ పెళ్ళామెవరు అని మీ అత్తగారు అడిగితే, ఈసారి నేను జవాబు చెప్పలేను.