బోరు పూజల కృష్ణ పేరెందుకు రాలే?

ప్రశ్న: మాది దేవరకొండ దిక్కు. మొన్న కొత్త బోరు పడ్డదని పూజ చేపిచ్చినం. అయ్యగారు చెంబు మీద చెయ్యి పెట్టి "గంగే చ యమునే చైవ" అని చదివిండు, గోదావరి, కావేరి పేర్లొచ్చినయి, మన కృష్ణ పేరే రాలే. ఎందుకట్ల? ఇంకోటి, మంత్రాలల్ల మాటిమాటికి "ఆపః" అంటరు, జలం అంటే సరిపోదా?
- ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: బాగనే విన్నరు అక్కా. ఆ శ్లోకంల ఉన్నయి ఏడే: గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి. కృష్ణ లేదు, అలంపురం పక్కపొంటి పారే తుంగభద్ర గూడ లేదు. గానీ చివర్ల "జలేఽస్మిన్ సన్నిధిం కురు" అని ఉంటది, ఈ నీళ్ళల్లకు వచ్చి కూసోండ్రి అని పిలుసుడు. దూరమున్నోళ్ళనే గదా పిలిచేది, ఇంట్ల ఉన్నోళ్ళకు పిలుపెందుకు అని మా తాత నవ్వుతుండె (శాస్త్రం గాదు, మా తాత మాట).

ఇగ ఆపః. సంస్కృతంల ఈ మాట స్త్రీలింగం, పైగా ఎప్పుడూ బహువచనమే, అమరకోశమనే సంస్కృత నిఘంటువు నీళ్ళ పేర్లు షురూ చేసుడే "ఆపః స్త్రీ భూమ్ని" (భూమ్ని అంటే బహువచనంల) అని ఈ ముచ్చటతోనే. వింత అనిపిస్తది గానీ మనం గూడ "నీళ్ళొచ్చినయి" అంటం గదా, నీళ్ళొచ్చింది అంటమా? బోరు బండి కాడ తెల్ల దుమ్ము ఆగి బురద చిమ్మంగనే "గంగ పడ్డది" అని కొబ్బరికాయ కొడతరు సూడండ్రి, అప్పుడొక్కటే ఏకవచనం, అప్పుడది అమ్మ.

పేర్లయితే చానా. యాస్కుడు నిరుక్తమనే వివరణ చెప్పిన ఆ పాత వేద పదాల నిఘంటువుల నీళ్ళకు 101 పేర్లున్నయి, అండ్ల అమృతం ఉన్నది, మధు ఉన్నది, విషం గూడ ఉన్నది! మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన ముసలోళ్ళను చూసినోళ్ళకు ఇది వేరే చెప్పాల్నా. సంధ్యావందనంల నెత్తిన చల్లుకుంట చదివే "ఆపో హి ష్ఠా" ఉన్నది గదా, ఋగ్వేదం పదో మండలం 9వ సూక్తం, నీళ్ళల్ల మందులన్నీ ఉన్నయంటది, మన బోర్లల్లనేమో ఫ్లోరైడ్. పూజ చేసిండ్రు మంచిదే, తాగేముందు మాత్రం టెస్ట్ చేపియ్యండ్రి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే చేనుకే పెట్టుకోండ్రి. కాగబెడితే పోతదనుకునేరు, పోదు, నీళ్ళే తగ్గుతయి. తాగనీకి నల్లా నీళ్ళు పట్టుకోండ్రి, మీ దిక్కు వచ్చేటివి కృష్ణ నీళ్ళే.