పాపకి 20 చాలు, 24 ఇప్పుడే వద్దు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. పాపకి 16 అంగుళాల సైకిల్ చిన్నదైపోయింది, 20 కొందామా, లేక ఏకంగా 24 కొనేస్తే హైస్కూలు దాకా మళ్లీ చూసుకోనక్కర్లేదా అని అడిగావు. 20 కొను. అల్లుడుగారికి కూడా నా మాటగా చెప్పు. ఎదిగే పిల్ల కదా, కాస్త పెద్దది కొంటే నాలుగేళ్లు వస్తుందన్న ఆశ మనవాళ్లందరికీ ఉండేదే. పరికిణీ అయితే పొడుగ్గా కుట్టించి, లోపలికి మడత వేయించి, ఏటా కాస్త కాస్త విప్పుకోవచ్చు, సైకిల్‌కి ఆ వీలు లేదే! కాళ్లు అందని సైకిల్ ఎక్కిన పిల్ల బ్రేకు వేయడం బదులు దూకడం అలవాటు చేసుకుంటుంది, నాలుగుసార్లు మోకాళ్లు కొట్టుకుపోయాక ఇక దాని జోలికే పోదు. మీ సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుపోయి, టైర్లలో గాలి దిగిపోయి స్తంభాలకి ఆనించిన సైకిళ్లు ఉంటాయి చూడు, వాటిలో కొన్ని ఇలా ముందుచూపుతో కొన్నవే అయ్యుంటాయి.

మీ నాన్న "మేం 22 తొక్కినవాళ్లం, 20 ఏంటి బొమ్మ సైకిల్‌లాగా" అన్నాడట. వాడు చెప్పే 22 ఫ్రేము కొలత, ఆ పాత సైకిళ్లకి చక్రాలు 28 అంగుళాలవి. పిల్లల సైకిల్ మీద వేసే 16, 20, 24 మాత్రం చక్రం కొలతలు. అందుకే ఒకే 20 నంబరున్న రెండు సైకిళ్లు పక్కపక్కన పెట్టినా ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా ఉంటుంది. నంబరు చూసి కొంటే సరిపోదనేది ఇందుకే.

వయసు అడిగి సైజు చెప్పే షాపువాణ్ణి నమ్మకు. ఎనిమిదేళ్ల పిల్లల్లో గుప్పెడంత వాళ్లూ ఉంటారు, తాటిచెట్లూ ఉంటారు. పాప 126 సెంటీమీటర్లు అన్నావు కాబట్టి 20 అంటున్నాను. సుమారు 115 నుంచి 135 దాకా 20 నడుస్తుంది, ఆ తర్వాతే 24, కంపెనీని బట్టి ఇది కొంచెం అటూఇటూ. కానీ ఎత్తు కన్నా కాలి కొలత ముఖ్యం. బూట్లు వేయించి గోడకి ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య ఒక అట్ట పుస్తకాన్ని సీటు మీద కూర్చున్నట్టుగా పైకి జరిపి పట్టుకోమను, పుస్తకం పై అంచు నుంచి నేల దాకా టేపుతో కొలువు. ఆ కొలత రాసుకుని షాపుకి వెళ్లు, టేపు కూడా పట్టుకెళ్లు, వాళ్లు నవ్వినా పర్లేదు. సీటుని పూర్తిగా కిందికి దించితే నేల నుంచి దాని ఎత్తు ఈ కొలతని మించకూడదు. సీటు ముందు నిలబడితే కింద ఉన్న కడ్డీకీ పాపకీ మధ్య కనీసం మూడు వేళ్ల సందు ఉండాలి. కడ్డీ కిందికి వంగి ఉండే సైకిళ్లని ఆడపిల్లల సైకిల్ అంటారు గానీ, ఎక్కడం దిగడం వాటితో ఎవరికైనా తేలికే.

తర్వాత చేతులు చూడు. హ్యాండిల్ పట్టుకున్న చోటు నుంచే వేళ్లు బ్రేకుకి అందాలి, నొక్కితే చక్రం ఆగాలి. అందకపోతే బ్రేకు పిడి దగ్గర చాలావాటికి చిన్న స్క్రూ ఉంటుంది, అది తిప్పితే పిడి దగ్గరికి వస్తుంది, అక్కడే చేయించు.

ఇక షాపులో చూపించే సోకులు. ముందు షాకులు, వెనక షాకులు, డిస్క్ బ్రేకులు, ఈమధ్య ఆ లావు టైర్లు ఒకటి. పాతిక కిలోల పిల్ల కూర్చుంటే ఆ చవక షాకుల్లో స్ప్రింగు సరిగ్గా కదలను కూడా కదలదు, బరువు మాత్రం పెరుగుతుంది. సైకిలే పదిహేను కిలోలుంటే పాప తనలో సగానికి పైగా బరువుని లాగాలి! ఒంటిచేత్తో ఎత్తి చూడు, నీకే బరువనిపిస్తే వదిలెయ్. గేర్లు విశాఖలో ఎత్తుపల్లాల వీధుల్లో ఉండేవాళ్లకైతే సరే, మీ కాలనీ చదునుగానే ఉంది కదా. పైగా గేర్ల సరంజామా వెనక చక్రానికి కుడివైపు వేలాడుతూ ఉంటుంది, సైకిల్ అటు పడినప్పుడల్లా వంగుతుంది, పిల్లలేమో రోజూ పడేస్తారు.

ఆన్‌లైన్‌లో రెండు వేలు తక్కువ అని అల్లుడుగారు మొగ్గుతారేమో. తెప్పించుకోవచ్చు, కానీ పెట్టెలో సగం విప్పిన సైకిల్ వస్తుంది, ఇంట్లో బిగించుకోవద్దు, రిపేరు షాపులో ఇవ్వు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, అంటే ఎడమకి తిప్పితేనే బిగుస్తుంది, తెలియక బలవంతంగా కుడికి తిప్పితే మరే పాడవుతుంది. సెకండ్ హ్యాండ్ అయినా నాకు అభ్యంతరం లేదు. చక్రం ఎత్తి తిప్పితే అటూఇటూ ఊగకూడదు, టైరు పక్కల పగుళ్లు ఉండకూడదు, చైన్ తుప్పు పట్టి ఉంటే అది మార్పించడం పెద్ద ఖర్చేం కాదు.

కొత్తది వచ్చాక మొదటి వారం పాదాలు పూర్తిగా నేలకి ఆనేలా సీటు దించి ఉంచు. ధైర్యం వచ్చాక కాలివేళ్లు మాత్రమే ఆనేలా, పెడల్ కిందికొచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా పైకి లేపు. లేపేటప్పుడు సీటు రాడ్డు మీద గీత ఒకటి ఉంటుంది, అది బయటికి కనిపించకూడదు. ఆ గీత కనిపించే రోజు, మలుపులో మోకాలు హ్యాండిల్‌కి తగిలే రోజు, అప్పుడు 24 సంగతి మాట్లాడదాం.

హెల్మెట్ కూడా చూడు, పాతది తలకి బిగుతుగా ఉందేమో. ఆ 16 మాత్రం ఎవరికీ ఇచ్చేయకు, చిన్నాడికి వచ్చే ఏడాదికి పనికొస్తుంది, దాని చైన్ కవర్ ఊడిపోయినట్టుంది, కొత్త సైకిల్ బిగించే చోటే వేయించెయ్.

— పెద్దనాన్న