సొరపిల్లకి కట్టే చీటీ

బరంపురం

అమ్మలూ,

గోపాల్‌పూర్‌లో జూలాజికల్ సర్వే వాళ్ల కేంద్రంలో చిన్న సొరల నమూనాల పనికి కుదిరావని మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఇంటి పిల్ల సొరల పళ్లు చూసి జాతి చెబుతుందంటే గర్వంగా ఉంది. చేపలు కుళ్లకుండా వేసే ఆ ఘాటు మందు, ఫార్మలిన్ సంగతి తలుచుకుంటే మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చిన్న పనులు ముందే చెప్పేస్తాను. తెల్లారకుండానే రేవులో ఉండు. వల ఎక్కడ వేశారో, ఎంత లోతో తెలుగులోనే అడుగు, పడవల వాళ్లలో మనవాళ్లు చాలామంది. ఐస్ పెట్టె మరిచిపోకు. ఫార్మలిన్‌లో వేసేముందే చిన్న కండ ముక్క కోసి 95 శాతం ఆల్కహాల్‌లో విడిగా పెట్టు. ఫార్మలిన్‌లో నానిన కండ నుంచి డీఎన్ఏ తియ్యడం కష్టం. ఫార్మలిన్ 1 వంతు, నీళ్లు 9 వంతులు కలుపు. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకో, కిటికీలన్నీ తియ్యి. గ్లౌజుల్లేకుండా ముట్టుకున్నావని తెలిస్తే బస్సెక్కి వచ్చేస్తాను, అందరి ముందూ తిడతాను.

ఇక అసలు సంగతి. కాలేజీ మ్యూజియంలో చేరిన కొత్తలో సోనాపూర్ రేవుకి వెళ్లాను, బాహుదా నది సముద్రంలో కలిసే చోటు. ఒక ముసలమ్మ బుట్టలోంచి జానెడు సొరపిల్లని తీసి నా చేతిలో పెట్టింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "ఇది పాలసొర కాదు బాబూ, మూతి చూడు" అంది. నేను సరిగ్గా చూడలేదు. పొట్ట కొయ్యలేదు, సిరంజితో మందు ఎక్కించలేదు. ఇరుకు సీసాలో తోక మడిచి కుక్కేశాను. చీటీ బాల్‌పెన్‌తో రాశాను. రిజిస్టర్‌లో రేపు ఎక్కిద్దాంలే అనుకున్నాను.

కొన్నాళ్లకి దాన్ని కడిగి 70 శాతం స్పిరిట్‌లోకి మార్చాను. మరుసటి ఏడాది బీరువా తీస్తే స్పిరిట్ లేత నీలంగా ఉంది, చీటీ తెల్లగా ఉంది. సిరా అంతా కరిగిపోయింది. చేప కొడవలిలా వంగి బిగుసుకుపోయింది, పొట్ట లోపల కుళ్లి చిట్లింది. తర్వాత ఒక చేపల శాస్త్రవేత్త వచ్చి, దాని పళ్లు లెన్సు పెట్టి చాలాసేపు చూశారు. "ఇదెక్కడ దొరికింది?" అని అడిగారు. సోనాపూర్ అన్నాను. తేదీ అడిగితే చెప్పలేకపోయాను. కాగితం మీద లేనిది నా నోటిమాటగా ఆయన రాసుకోలేదు. ఆ ముసలమ్మ పేరైనా నేను అడగలేదమ్మా.

పాండిచ్చేరి సొర అని ఒకటుంది. ముల్లర్, హెన్లె అనే శాస్త్రవేత్తలు 1839లో దానికి పేరు పెట్టారు. మ్యూజియాల్లో ఉన్న కొద్దిపాటి నమూనాలే దానికి ఆధారం. నా సీసాలోది అదేనని అనను, ఏదైనా అయ్యుండొచ్చు. 2019లో ఇంకో సొరకి మూడే మూడు పాత నమూనాలతో కొత్తజాతిగా పేరు పెట్టారు. బోర్నియో, థాయిలాండ్, వియత్నాంలలో దొరికాయని ఎవరో ఓపిగ్గా రాసిపెట్టబట్టే అది ఎక్కడ బతికేదో తెలిసింది. నేను ఆ ఓపిక పట్టలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. పాండిచ్చేరి సొర వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. అనుమానం వస్తే కొనకు, పెద్దవాళ్లకి చెప్పు.

అందుకని పెన్సిల్‌తో రాయి. చీటీని తోక దగ్గర దారంతో కట్టు, ఇంకోటి సీసాలో వెయ్యి, అదే నంబరు ఆ పూటే రిజిస్టర్‌లో ఎక్కించు. చేపని తిన్నగా పడుకోబెట్టి గట్టిపడనివ్వు. ఇచ్చినవాళ్ల పేరు, వాళ్లు చెప్పిన చేప పేరు కూడా రాసుకో. రస్సెల్ దొర 1803లో అచ్చేసిన విశాఖపట్నం చేపల పుస్తకంలో పాలసొర అన్న మన మాటే రాసుకున్నాడు.

హెచ్‌బీ పెన్సిళ్లు డజను, మందపాటి కాగితం మీ నాన్న చేతికిచ్చాను. పెద్దమ్మ జంతికలు పెట్టింది, మందు చేతులతో ముట్టుకోకు. పెన్సిళ్లు చెక్కుకోవడానికి నా పాత చాకు కూడా ఉంది. పదునెక్కువ తల్లీ, చూసి వాడు.

మీ పెదనాన్న