ఒకే డోరు నంబరు, ఏడు గడపలు: నగర ఆరోగ్య కార్యకర్తల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నగరంలో ఆరోగ్య కార్యకర్తగా కొత్తగా చేరాను. రిజిస్టరులో ఉన్న ఇళ్లన్నీ తిరిగినా ఎవరో ఒకరు మిగిలిపోతూనే ఉన్నారు. సగం ఇళ్లకు తాళాలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు రిజిస్టరు మూసేసి గడపలు లెక్కపెట్టండి. నగరంలో ఒక్క డోరు నంబరు వెనకాల మూడు వాటాలు, డాబా మీద రేకుల గది, మెట్ల కింద వాచ్‌మన్ కుటుంబం ఉంటాయి. కట్టుబడి జరుగుతున్న చోట కూలీల షెడ్లుంటాయి. మన లెక్కలోంచి జారిపోయేది సరిగ్గా వీళ్లే. టీకా పడని పిల్లలూ, ఒక్కసారి కూడా పరీక్షకు వెళ్లని గర్భిణులూ ఎక్కువగా అక్కడే దొరుకుతారు.

వీధి మొదట్లో నిలబడి, గోడలు ఎప్పుడూ మీ కుడిచేతి వైపే ఉండేలా నడవండి. సందు వస్తే అందులోకి తిరిగి, బయటికొచ్చి, మొదలుపెట్టిన చోటికి చేరేదాకా ఆగొద్దు. మేడ ఉంటే ముందు పైకెక్కి, ఒక్కో అంతస్తు చూసుకుంటూ దిగండి. కింది నుంచి మొదలుపెడితే అలసటొచ్చి డాబా మీది గది వదిలేస్తాం. తాళం ఉన్న ఇంటిని కాగితం మీద గుర్తు పెట్టుకుని ఒకసారి పొద్దున్నే, ఒకసారి దీపాలు పెట్టే వేళ, ఒకసారి సెలవు రోజున వెళ్లండి. మూడుసార్లూ మధ్యాహ్నమే వెళ్తే మూడుసార్లూ తాళమే కనిపిస్తుంది. పక్కింటివాళ్లను ‘ఎప్పుడొస్తారు?’ అని మాత్రమే అడగండి. జబ్బు సంగతి వాళ్ల దగ్గర ఎత్తకూడదు.

ప్రతి గడపలో గర్భిణి ఉన్నారా, రెండేళ్లలోపు పిల్లల టీకా కార్డు ఏది, రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లున్నారా, బీపీ, షుగరు మాత్రలు వాడుతూ ఆపేసినవాళ్లున్నారా అని అడగండి. ఈ నెలలో కొత్తగా ఎవరైనా వచ్చారా, వెళ్లిపోయారా అన్నది తప్పక అడగండి. అద్దె ఇళ్ల వీధుల్లో ఆ ప్రశ్న మానేస్తే కొద్ది నెలల్లోనే మీ రిజిస్టరు పాతబడిపోతుంది.

కార్డు సొంతూళ్లో ఉందంటే ఫోనులో ఫొటో తెప్పించమనండి. మధ్యలో ఆగిన టీకాలను సాధారణంగా మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదు, ఆగినచోటు నుంచి కొనసాగిస్తారు. ఆలస్యమైందని తల్లిని కసిరితే ఆమె కేంద్రానికి రావడమే మానేస్తుంది.

ప్రశ్న: దగ్గుతున్న బిడ్డ ఊపిరి లెక్కపెడితే నాకు ఒకసారి 38, ఇంకోసారి 54 వస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: బిడ్డ ఏడుస్తున్నప్పుడో పాలు తాగుతున్నప్పుడో లెక్కపెట్టి ఉంటారు. తల్లి ఒళ్లోనే ఉంచి, నెమ్మదించేదాకా ఆగండి. చొక్కా పైకెత్తి, పొట్టో రొమ్మో ఎక్కడ కదలిక బాగా తెలిస్తే అక్కడే చూపు నిలిపి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కించండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు. పసిపిల్లల ఊపిరి ఒకసారి వేగంగా, ఒకసారి మెల్లగా నడుస్తుంది, లెక్క తప్పుతుంది.

2 నెలలు నిండనివాళ్లకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, 2 నుంచి 12 నెలల లోపు 50 లేదా మించి, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా మించి ఉంటే అది వేగమైన ఊపిరి. పసికందుకు 60 లేదా అంతకు మించి వస్తే రెండోసారి లెక్కపెట్టి ఖాయం చేసుకోండి. వేగంగా ఉంటే ఆ రోజే వైద్యులకు చూపించాలి. ఊపిరి లోపలికి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, బిడ్డ తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా అంకెలతో పని లేదు, వెంటనే ఆసుపత్రికి పంపండి. చీటీ రాసిచ్చి ఊరుకోకుండా, వెళ్లారో లేదో మర్నాడు కనుక్కోండి.

ప్రశ్న: టీబీ మందులు వాడుతున్న ఒకాయన ఇల్లు మారిపోతున్నారు. నా బాధ్యత అక్కడితో తీరినట్టేనా?

జవాబు: తీరదండీ. మందులకు లొంగే టీబీకి మామూలుగా వాడే చికిత్స 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు అంతకంటే తక్కువ. కొద్ది వారాలకే దగ్గు తగ్గి, ఒళ్లు తేరుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఇల్లు మారితే మాత్రలు ఆగిపోతాయి. మిగిలిన క్రిములు తిరగబెడతాయి, మందుకు లొంగకుండానూ పోవచ్చు. కాబట్టి సామాను కట్టకముందే కొత్త చోటు, ఇంట్లో ఇంకొకరి ఫోను నంబరు రాసుకోండి. చికిత్స కార్డు, కొత్త కేంద్రంలో చేరేదాకా సరిపడా మాత్రలు చేతికిప్పించండి. అక్కడి కేంద్రం ‘చేర్చుకున్నాం’ అని చెప్పేవరకూ పేరు కొట్టేయొద్దు.

ఇంకొక మాట. వాకిట్లో నిలబడి ‘టీబీ మాత్రలు వేసుకున్నారా?’ అని గట్టిగా అడగడం దారుణం. ఆ ఒక్క కేకకు అద్దె ఇల్లు పోవచ్చు. లోపలికెళ్లి మెల్లగా అడగండి.

ప్రశ్న: డ్రమ్ములు వారం వారం ఖాళీ చేయిస్తున్నా డెంగీ దోమ పిల్లపురుగులు మళ్లీ కనిపిస్తున్నాయి. ఎందుకు?

జవాబు: నీళ్లు పారబోస్తున్నారు గానీ డ్రమ్ము తోమడం లేదు. ఆ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచుకు కాస్త పైన, లోపలి గోడకు. అవి నల్లటి నలకల్లా అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. లోపలి అంచంతా గట్టి బ్రష్షుతో రుద్ది, కడిగిన నీళ్లు మట్టిలో పోసి, ఆరాకే నింపి, సందు లేకుండా మూత పెట్టించండి. గుడ్డు దోమ కావడానికి వెచ్చటి వాతావరణంలో 7 నుంచి 10 రోజులు చాలు, అందుకే వారం దాటనివ్వకూడదు.