గురక సుఖనిద్ర కాదు తమ్ముడూ: సీపాప్ కొత్తలో పడే పాట్లు

డల్లాస్‌కి వచ్చి ఏడాది కూడా కాని ఒక తమ్ముడు అడిగిన సందేహం ఇది. వాళ్లది విజయవాడ సత్యనారాయణపురం. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని రూమ్మేట్ భయపడి చెబితే పరీక్ష చేయించుకున్నాడు, స్లీప్ ఆప్నియా అన్నారు, మాస్క్ ద్వారా గాలి పంపే సీపాప్ మిషన్ ఇంటికి పంపారు. మూడు రాత్రులు పెట్టుకుని నాలుగో రాత్రి అల్మారాలో పడేశాడు. "అన్నా, ఈ గొట్టం పెట్టుకుని మనుషులు నిజంగా నిద్రపోతారా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అమ్మాయి వాళ్లకి తెలిస్తే ఎలా?"

నిద్రపోతారు తమ్ముడూ. నేను ఆరేళ్లుగా పోతున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో కూర్చునే. పిల్లల సెలవులకని వచ్చాం, రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ, మంచం పక్కన స్టీలు స్టూలు మీద నా మిషన్. మొదటి రోజు మా చెల్లెలి కొడుకు చూసి "మావయ్యకి తొండం వచ్చింది" అని ఇల్లంతా చాటాడు. ఇప్పుడు వాడే రాత్రి పూట గొట్టం తెచ్చి ఇస్తున్నాడు.

అసలు మనకి ఈ జబ్బు ఆలస్యంగా తెలియడానికి ఒక కారణం ఉంది. మన ఇళ్లలో గురకంటే హాయిగా పడుకున్నట్టు లెక్క. "పాపం అలిసిపోయి ఆదమరిచి పడుకున్నాడు, లేపకండి" అనేది మా అమ్మ. నేను ఇంజనీరింగ్ రోజుల్లో గుంటూరు నుంచి బెజవాడ బస్సెక్కితే మంగళగిరి రాకముందే తల వాల్చేసేవాణ్ని, వారధి దాటి బస్టాండులోకి వచ్చాక కండక్టర్ లేపేవాడు. ఇంట్లో అదో జోకు. బస్సులో నిద్రపోతే జోకే, అమెరికాలో నీ చేతిలో స్టీరింగ్ ఉంటుంది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ హైవే మీద లైను దాటి పక్కకి వెళ్లిపోయాను, వెనకవాడు హారన్ కొట్టకపోతే ఏమయ్యేదో. మా ఆవిడ ఆ వారమే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంది.

పరీక్షలో వచ్చే అంకె ఒకటుంటుంది, ఏహెచ్ఐ అంటారు. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేక బాగా సన్నగిల్లింది అన్న లెక్క, ఒక్కోటి కనీసం 10 సెకన్లు ఉంటేనే లెక్కలోకి వస్తుంది. 5 లోపు మామూలు, 15 దాకా తక్కువ స్థాయి, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. నాది 38. అంటే సగటున నిమిషంన్నరకొకసారి నా గొంతు మూసుకుపోతుంటే మెదడు నన్ను పైకి లాగుతోందన్నమాట, నాకేమో రాత్రంతా పడుకున్నట్టే ఉండేది. పొద్దున్నే తలనొప్పి, రాత్రి రెండు మూడుసార్లు బాత్‌రూమ్‌కి లేవడం, బీపీ మాత్ర వేసుకున్నా దిగకపోవడం, ఇవన్నీ విడివిడి జబ్బులనుకున్నాను. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందని కూడా అనుకోకండి, దవడ నిర్మాణాన్ని బట్టి మనలాంటి ఆసియావాళ్లకి పెద్దగా బరువు లేకపోయినా వస్తుంది.

సీపాప్ చేసే పని చాలా సులువు. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సల్లివాన్ దీన్ని లోకానికి చెప్పాడు. నిద్రలో గొంతు కండరాలు సడలి దారి మూసుకుపోతుంది కదా, గాలిని కొంచెం ఒత్తిడితో లోపలికి పంపిస్తే ఆ దారి తెరుచుకునే ఉంటుంది, అంతే. ఆక్సిజన్ సిలిండర్ కాదు, గదిలో గాలే. మా పెద్దనాన్న చూడగానే "ఆక్సిజన్ పెట్టారా వీడికి" అని కంగారుపడిపోయాడు, రెండు రోజులు చెబితేగానీ నమ్మలేదు.

ఇప్పుడు నీ అల్మారా సంగతి. చాలామంది తప్పు మిషన్ మీద వేస్తారు, అసలు గొడవ మాస్క్‌తో. నాకు మొదట ఇచ్చింది ముక్కూ నోరూ కలిపి మూసే పెద్దది. పైలట్ వేషంలా ఉండేది, పైగా కళ్లలోకి గాలి కొట్టేది. గాలి కారుతోందని పట్టీలు బిగించాను, ముక్కు మీద పుండు పడింది. అప్పుడు తెలిసింది, బిగిస్తే గాలి కారడం తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే లోపలి సిలికాన్ మెత్త గాలికి కొంచెం ఉబ్బి మొహానికి ఆనుకోవాలి, బిగిస్తే దానికి ఆ చోటు ఉండదు. మాస్క్ సరిచేసుకోవడం కూర్చుని కాదు, మిషన్ ఆన్ చేసి, పడుకుని, నువ్వు ఏ పక్కకి తిరిగి పడుకుంటావో ఆ పక్కకి తిరిగి చేసుకోవాలి. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రకం ఉంటుంది, పిల్లో అంటారు, నాకు చివరికి అది కుదిరింది. నోరు తెరిచి పడుకునే అలవాటుంటే మాత్రం ఇది పనిచేయదు, పొద్దున్నకి నోరు పిడచకట్టుకుపోతుంది, అప్పుడు పెద్దదే గతి. మాస్క్ సరఫరా చేసిన వాళ్లని మార్చమని అడుగు. నాకు సరఫరా చేసిన కంపెనీ ఫోను ఎత్తడానికే పది రోజులు చేసింది, అయినా వదల్లేదు నేను. చాలా చోట్ల మొదటి 30 రోజుల్లో అడిగితే డబ్బులు లేకుండా మారుస్తారు, అది దాటితే బిల్లు. అందుకే ముందే అడగాలి.

ఇంకో చిట్కా. ఊపిరాడనట్టు కంగారుగా ఉంటే రాత్రి నేరుగా నిద్రకి పెట్టుకోవద్దు. సాయంత్రం టీవీ చూస్తూ మాస్క్ చేత్తో ముక్కుకి పట్టుకుని కూర్చో, పట్టీలు వద్దు. రెండు మూడు రోజులయ్యాక పట్టీలు కూడా పెట్టి ఒక క్రికెట్ మ్యాచ్ చూడు. తర్వాత శనివారం మధ్యాహ్నం కునుకు. ఆ తర్వాత రాత్రి. నాకు రెండు వారాలు పట్టింది, మా ఆఫీసులో ఒకాయనకి రెండు నెలలు. ఇంకోటి, మిషన్‌లో ర్యాంప్ అని ఉంటుంది, ఒత్తిడి తక్కువలో మొదలై మెల్లగా పెరుగుతుంది. అది 4లో మొదలైతే కొందరికి గాలి చాలనట్టు, స్ట్రాతో పీల్చినట్టు ఉంటుంది (మిషన్ 4 నుంచి 20 దాకా వెళ్తుంది, సెంటీమీటర్ల నీటి లెక్కలో). నాకూ అదే బాధ, డాక్టర్ మొదలు 6 చేశాడు, మర్నాటి నుంచి ఆ కంగారు లేదు. పొట్టలోకి గాలి వెళ్లి పొద్దున్నే త్రేనుపులు వస్తున్నా డాక్టర్‌కి చెప్పు, ఒత్తిడి సొంతంగా మార్చుకోకు.

ఇన్సూరెన్స్ విషయంలో కొత్తగా వచ్చినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మిషన్ నీ చేతికి రాగానే నీది కాదు, చాలావరకు నెలనెలా అద్దె లెక్కన మొదలై, నువ్వు వాడుతున్నావని రుజువైతే నీదవుతుంది. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) పెట్టిన లెక్క ఏమిటంటే, మొదటి మూడు నెలల్లో వరసగా ఏవైనా 30 రోజులు తీసుకుంటే అందులో 70 శాతం రాత్రులు, అంటే 21 రాత్రులు, రాత్రికి 4 గంటలకి తగ్గకుండా వాడి ఉండాలి. ప్రైవేటు ఇన్సూరెన్సులు కూడా చాలావరకు ఇదే పట్టుకున్నాయి. మిషన్ లోపల మోడెమ్ ఉండి రాత్రి లెక్క రాత్రే వాళ్లకి పంపిస్తుంది, పెట్టుకున్నానని నోటిమాట చెల్లదు. అల్మారాలో పెట్టావు చూడు, అది కూడా వాళ్లకి తెలుసు. డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టే ముందు ఏటా నీ జేబులోంచి కట్టే మొత్తం) సంగతి కూడా చూసుకో. ప్లాన్ జనవరితో మొదలయ్యేదైతే డిసెంబర్‌లో మిషన్ తీసుకుని అద్దె జనవరిలోకి జరిగిందంటే కొత్త డిడక్టిబుల్ మళ్లీ మొదటి నుంచి కట్టాలి. హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చులకని పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉంటే ఆ డబ్బు దీనికి వాడుకోవచ్చు. చవకగా వస్తుందని ఎవరో వాడినది కొనకండి. ఒత్తిడి మనిషిని బట్టి ఉంటుంది, పైగా 2021లో ఒక పెద్ద కంపెనీ లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలుతోందని లక్షల మిషన్లు వెనక్కి పిలిచింది, వాటిలో ఒకటి నీ చేతికి రాదని ఏముంది.

మొదటి మూడు నెలల్లో ఇండియా ప్రయాణం పెట్టుకోకపోతే మంచిది, ఇక్కడ ఆ మోడెమ్ పలకకపోవచ్చు. తప్పకపోతే సరఫరాదారుకి ముందే చెప్పి, మిషన్‌లో మెమరీ కార్డు తీయకుండా ఉంచు, లెక్క దాంట్లో ఉంటుంది. చెక్-ఇన్ బ్యాగులో మాత్రం వేయొద్దు. అమెరికా విమానాల్లో వైద్య పరికరం కాబట్టి క్యాబిన్ సామాను లెక్కలోకి రాదు, మిగతా ఎయిర్‌లైన్స్‌ని ఒకసారి అడుగు. డాక్టర్ చీటీ కాపీ పెట్టుకో. గాలికి తేమ ఇచ్చే నీళ్ల డబ్బా ఖాళీ చేసి ఆరబెట్టి పెట్టు, నేను ఒకసారి మరిచిపోయి బ్యాగంతా తడిపాను. చాలా మిషన్లకి 100 నుంచి 240 వోల్టుల దాకా అడాప్టర్ మీద రాసి ఉంటుంది, అలా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, ప్లగ్గు మార్చుకునే చిన్న పిన్ను చాలు.

ఇక్కడి ఇబ్బందులు వేరు. మొన్న రాత్రి రెండింటికి కరెంటు పోయింది, ఇన్వర్టర్ అందుకునే లోపల మాస్క్‌లో గాలి ఆగితే దిగ్గున లేచాను. భయం లేదు, మాస్క్‌లో ఊపిరి వదిలే రంధ్రాలుంటాయి, పెద్ద మాస్క్‌లో గాలి ఆగితే తెరుచుకునే కవాటం కూడా ఉంటుంది. తేమ పుట్టించే హీటరే కరెంటు ఎక్కువ లాగుతుంది, అది ఆపేస్తే ఇన్వర్టర్ మీద మిషన్ రాత్రంతా నడిచిపోతుంది. పైగా గుంటూరులో ఈ ఉక్కపోతలో తేమ ఎందుకసలు, ఏసీ గదిలో పడుకుంటే తప్ప. ఏసీ 20లో పెట్టి హీటర్ ఎక్కువలో పెట్టావా, గొట్టంలో ఆవిరి నీళ్లయి ముక్కులోకి కారుతుంది. అందుకే మిషన్ తల కంటే కిందికి ఉండాలి, స్టూలు అందుకే. డబ్బాలోకి డిస్టిల్డ్ వాటర్ మెడికల్ షాపులో అడుగు, ఇన్వర్టర్ బ్యాటరీకని అమ్మే నీళ్లు పోయొద్దు, అవి పీల్చడానికి చేసినవి కావు. దోమతెర కింద నుంచి గొట్టం దూర్చి మళ్లీ తెర మంచం కింద మడవాలి, దీనికి మా ఆవిడదే చెయ్యి. గాలి లాగే చోట ఉండే ఫిల్టర్ అమెరికాలో నెలకి మారుస్తాను, గుంటూరులో పది రోజులకే ఎర్రగా నల్లగా అయిపోయింది. ఇంకా నయం, మిర్చియార్డు దగ్గర ఇల్లు కాదు. అమ్మ పొద్దున్నే ఎండుమిరపకాయలు పోపులో వేస్తే మాత్రం ఆ ఘాటు గొట్టంలోంచి నేరుగా ముక్కులోకి వస్తుంది, అలారం అక్కర్లేదు. తలకి కొబ్బరినూనె పెట్టుకున్న రోజు మాస్క్ జారుతుంది, మొహం కడుక్కుని పడుకో. తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చాక పట్టీలన్నీ మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది, ఇది ఏ పుస్తకంలోనూ రాయరు.

మా నాన్నకి కూడా గురక. నేను అక్కడి నుంచి ఒక మిషన్ తెచ్చేద్దామనుకున్నాను, డాక్టర్ వద్దన్నాడు. గుంటూరు కొత్తపేటలో ఊపిరితిత్తుల డాక్టర్ ఇంటికే పరీక్ష కిట్ ఇచ్చి పంపాడు, బెజవాడ సూర్యారావుపేటలో కూడా చేస్తారు. మిషన్ ఇక్కడే కొన్నాం, పాడైతే చూసేవాడు ఇక్కడ ఉండాలి కదా. నాన్న రెండో రాత్రి పెట్టుకోనని మొండికేస్తే నాది నేను పెట్టుకుని పక్క మంచం మీద పడుకున్నాను, ఇద్దరికీ తొండాలే.

సంబంధాల సంగతికొస్తే, చెప్పేయి. అమ్మా నాన్నల ద్వారా కాదు, వాళ్లు "చిన్న ఊపిరి సమస్య" అని చెప్పి దాన్ని ఆస్తమా చేస్తారు. నువ్వే ఆ అమ్మాయికి ఫోనులో చెప్పు, వీలైతే వీడియో కాల్‌లో మిషన్ చూపించు. మా ఆవిడ పదేళ్లు నా గురక వింటూ హాల్లో సోఫా మీద పడుకుంది, ఈ మిషన్ వచ్చాకే గదిలోకి వచ్చింది. సత్యనారాయణపురంలో మా అత్తగారు అల్లుడి మిషన్ కోసం మంచం పక్కన కొత్త ప్లగ్ పాయింట్ పెట్టించింది.

ముందు అల్మారాలోంచి అది బయటికి తీయి. మాస్క్ ఏ రకమో, పొద్దున లేచాక మొహం మీద గుర్తులు ఎక్కడెక్కడ పడుతున్నాయో రెండు ఫోటోలు పంపు. మిషన్ వచ్చి ఎన్ని రోజులైందో కూడా రాయి, 30 దాటకపోతే రేపే ఫోను చేయాలి.